పంటి పొరల సాక్ష్యం

పగ తీర్చుకోవడానికే ఆ యంత్రాన్ని తయారుచేశాను. తరువాత పత్రికలవాళ్ళు అడిగినప్పుడు వైద్యశాస్త్రం కోసమనీ, రోగుల మేలు కోసమనీ ఏవేవో చెప్పాను. అవి పైపై మాటలు. ఒక మనిషి నలుగురిలో తల దించుకోవడం నేను చూడాలి. అందుకు నాలుగేళ్ళు పట్టింది.

ఆ మనిషి డాక్టర్ సుధీంద్ర. కోస్తా జిల్లాల్లో పేరుమోసిన కాన్సర్ వైద్యుడు. మా అక్క కుసుమకు రొమ్ము కాన్సర్ వచ్చినప్పుడు వైద్యం చేసింది ఆయనే. అక్క పిఠాపురంలో హైస్కూలు తెలుగు టీచరు. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్ళు. ఆపరేషనూ రేడియేషనూ అయ్యాక, జబ్బు తిరగబెట్టకుండా ఒంట్లో ఈస్ట్రోజన్ హార్మోను ఊరకుండా ఆపే మందు వాడాలన్నారు. మామూలుగా అయితే కొన్నేళ్ళపాటు రోజుకో మాత్ర. సుధీంద్ర మాత్రం ఒక కొత్త ఇంజెక్షన్ను పరీక్షిస్తున్నారు. ఆరునెలలకొకటి చేయించుకుంటే చాలన్నారు. అక్క సంతకం పెట్టింది. ఆమెతోపాటు మరో పదిమంది ఆడవాళ్ళు పెట్టారు.

మూడో ఇంజెక్షన్ తరువాత అక్క నోరు ఎండిపోవడం మొదలైంది. అన్నం ముద్ద గొంతు దిగాలంటే పక్కన మజ్జిగ గ్లాసు ఉండాలి. చిటికెడు కారం తగిలినా నాలుక మండిపోయేది. ఆవకాయ జాడీ వైపు చూడడం కూడా మానేసింది. ఆ తరువాత చిగుళ్ళు పళ్ళను వదిలి జారాయి. పళ్ళు కదిలాయి. ఏడాదిన్నర తిరిగేసరికి పైవరుసలో ముందుపళ్ళు ఒక్కటీ మిగల్లేదు.

ఒకరోజు ఆరో తరగతిలో అక్షరాల పుట్టుక గురించి పాఠం చెబుతోంది. త, థ, ద, ధ, న అని బోర్డు మీద రాసి, "వీటిని దంత్యాలంటారు. నాలుక పళ్ళను తాకితే పుడతాయి" అంది. అంటూంటే ఆ 'త'లో నుంచీ 'ద'లో నుంచీ గాలి బుస్సుమంటోంది. మూడో వరుసలో ఒక పాప లేచి నిలబడింది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"టీచర్, మరి మీకివి ఎలా పలుకుతాయి?"

అక్క చాక్‌పీసు బల్లమీద పెట్టి బయటికి వచ్చేసింది. మళ్ళీ బడికి వెళ్ళలేదు.

ఆ వారమే ఆమెను సుధీంద్ర దగ్గరికి తీసుకెళ్ళాను. నేను పళ్ళమీద పరిశోధన చేసేదాన్నని ఆయనకు చెప్పలేదు. అక్క నోరు తెరిచి చూపించబోయింది. ఆయన కంప్యూటర్ మీదనుంచి తల తిప్పలేదు.

"కాన్సర్ జాడ ఎక్కడా లేదు. అద్భుతంగా ఉన్నారు."

"పళ్ళు డాక్టరుగారూ..." అంది అక్క.

"నోరు శుభ్రంగా ఉంచుకోవాలమ్మా. చదువు చెప్పే టీచర్లే ఇలా ఉంటే ఎలా?"

అదే మాట ఆ మందు పరీక్షకు సంబంధించిన ఆమె ఫారంలోనూ రాశారు. 'నోటి శుభ్రత లోపం.' చిన్నప్పటినుంచీ రోజుకు రెండుపూటలా పళ్ళు తోముకుని, మా చేతా తోమించిన మనిషి మా అక్క. తప్పు చేసిన పిల్లలా తల వంచుకుని, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. ఆ తల వంచుకోవడం నేను మరిచిపోలేదు.

విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థలో నా ఉద్యోగం. పాత సమాధుల్లో దొరికిన పళ్ళను చూసి ఆ మనుషులు ఏం తిన్నారో, ఎన్ని కరువులు దాటారో చెప్పడం నా పని. పంటివేరు మీద ఏడాదికొక పొర పేరుకుంటుంది. ఆ పొరలోపల రోజుకొకటి చొప్పున ఇంకా సన్నని పొరలున్నాయని నా సహచరి ఫరీదా కనిపెట్టింది. వాటిని విడదీసి చదివే సాధనం లేక ఆ సంగతి అక్కడే ఆగిపోయింది. ఆ సాధనం చేద్దామని నేనే పట్టుబట్టాను. లేజరుతో వేరును పొర తరువాత పొరగా గీకుతూ, ఆ పొర పేరుకున్న రోజున రక్తంలో ఏ హార్మోను ఎంత ఉందో, ఏ మందు ఎంత తిరిగిందో లెక్కకట్టే యంత్రం. దానికి 'పొరచూపు' అని పేరు పెట్టుకున్నాం.

అది సిద్ధమయ్యాక పిఠాపురం వెళ్ళి అక్కను ఆమె పన్ను ఒకటి అడిగాను. ఊడిన పళ్ళన్నీ చిన్న స్టీలు డబ్బాలో దాచుకుంది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు.

"మళ్ళీ ఇస్తావా?"

"ఇవ్వలేనక్కా. పొడి కూడా మిగలదు."

కాసేపు డబ్బాలోకి చూసి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "తీసుకో. నా పేరు మాత్రం ఎక్కడా పెట్టకు. నా పేరు చెప్పుకుని ఎవరిమీదికీ వెళ్ళకు."

నేను తల ఊపాను.

పన్ను యంత్రంలో తిరుగుతుంటే తెర మీద ఒక గీత మెల్లగా సాగింది. ఫరీదా వేలుపెట్టి చూపించింది.

"మేడమ్, ఇక్కడ మీ అక్కగారికి పెద్ద జ్వరం వచ్చుండాలి. సెప్టెంబరులో. నాలుగురోజులు."

అక్కకు ఫోన్ చేశాను. "డెంగీ వచ్చిందిగా. వినాయక చవితి వెళ్ళిన మర్నాడు. నీకెందుకిప్పుడు?" అంది.

ఫరీదా, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. యంత్రం నిజమే చెబుతోంది. గీత ఇంకా ముందుకు సాగింది. ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతి తేదీ దగ్గరా హార్మోను ఒక్కసారిగా అడుగంటింది. ఆ పొరల్లో మిగిలిన మందును కొలిస్తే, కాగితాలమీద రాసినదానికి మూడింతలుంది.

మళ్ళీ కొలిచాం. మూడింతలే.

మోతాదు పెంచితే మందు బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు త్వరగా కనిపిస్తుంది. అనుమతి తెచ్చుకున్న మోతాదునే కాగితాల మీద రాసి, ఒంట్లోకి వేరేది ఎక్కించారు. మామూలు మాత్రల వల్ల కొందరిలో నోరు కొంచెం ఎండుతుంది, ఎముక కొంచెం పలచబడుతుంది. జాగ్రత్త పడితే సరిపోతుంది. ఈ మోతాదు దవడ ఎముకనే కరిగించేసింది.

ఒక్క పన్ను చూపిస్తే యంత్రం తప్పు అని కొట్టిపారేస్తారు. మిగతావాళ్ళ కోసం వెతికాను. అలా కాకినాడ చేపల మార్కెట్లో నూకరత్నం దొరికింది.

యాభై ఏళ్ళుంటాయి. వంజరం చేపను ముక్కలు కోస్తూనే నా మాటలన్నీ విన్నది. కత్తిపీట ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక నోరు తెరిచి చూపించింది. పైన ఒకే ఒక్క కోరపన్ను ఉంది.

"నా సేపలు నేనే తినలేను. పులుసులో అన్నం పిసుక్కుని మింగుతాను. ఆ డాక్టరు నాకేటన్నాడో తెలుసా? 'గుట్కాలు నవులుతావా?' అన్నాడు. నా జన్మలో వక్కపలుకు కొరకలేదు నేను."

"మీ దగ్గర ఊడిన పన్నేదైనా ఉందా?"

"అవెక్కడ దాచుకుంటాను? సముద్రంలో పారేశాను." కత్తిపీట పక్కకు జరిపి చేతులు కడుక్కుంది. "ఇదుంది కదా. పీకించు."

"ఇది తీసేస్తే మీకింక..."

"ఎలాగూ కదులుతోంది. కానీ ఒక్కటి. ఆడు తలొంచుకుంటాడు సూడు, అప్పుడు నేనక్కడ ఉండాలి. ఉంచుతావా?"

"ముందు వరుసలో కూర్చోబెడతాను" అన్నాను. ఆ క్షణంలో ఆమె నాకు సొంత అక్కకన్నా దగ్గరగా అనిపించింది.

సుధీంద్ర ఇంజెక్షన్ పరీక్ష ముగిశాక పదకొండుమందినీ మామూలు మాత్రలకు మార్చారు. నూకరత్నం కూడా రోజూ ఒకటి వేసుకునేది. మాత్రల పట్టీని రొంటిన దోపుకుని తిరిగేది. మార్కెట్లో అలాంటి జబ్బే వచ్చి తగ్గిన మరికొందరికి ఆమే గుర్తుచేస్తూ ఉండేది. "మాత్ర ఏసుకున్నావేటే?" అని గంపల మీదుగా అరిచి అడిగేది.

అక్కతో కలిపి ఏడుగురు పళ్ళిచ్చారు. ఏడింటిలోనూ అదే మూడింతలు. ఏడుగురి ఫారాల్లోనూ అదే మాట: నోటి శుభ్రత లోపం.

విశాఖలో జరిగే కాన్సర్ వైద్యుల మహాసభలో మాట్లాడడానికి అవకాశం సంపాదించాను. సుధీంద్ర ఆ సభకు అధ్యక్షుడు. టీవీవాళ్ళకు నేనే కబురు పెట్టాను. వెళ్ళే ముందు నా కంప్యూటరులో స్లయిడ్లు చూస్తున్న ఫరీదా అంది:

"మేడమ్, చివరి స్లయిడ్ కనబడటం లేదేంటి?"

"తీసేశాను."

ఆ స్లయిడ్ రాసింది ఆమే. 'ఇది దొంగచాటుగా పెంచిన మోతాదు వల్ల జరిగిన హాని. మామూలు హార్మోను మాత్రలు ప్రాణాలు కాపాడుతున్నాయి. ఎవరూ ఆపవద్దు. మొదలుపెట్టే ముందు పళ్ళ డాక్టరుకు చూపించుకోండి. నోరు ఎండితే, చిగుళ్ళనుంచి రక్తం వస్తే వెంటనే చెప్పండి.' అంతే.

"అదే కదా మేడమ్ అందరికీ తెలియాల్సింది?"

"దాంతో ముగిస్తే ఆయన దాని వెనక దాక్కుంటాడు. 'చూశారా, మందు మంచిదే అంటున్నారు' అని చప్పట్లు కొట్టి దిగిపోతాడు. అది తరువాత వ్యాసంలో వేద్దాం."

"వ్యాసం ఎవరు చదువుతారు? టీవీ అందరూ చూస్తారు."

"ఫరీదా, ఈ ఒక్కరోజు నాకు వదిలెయ్."

ఆమె నాతోపాటు సభకు రాలేదు.

ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఒక్కో గీత చూపిస్తూ, ఒక్కో తేదీ చదువుతూ, పక్కనే రోగి పేరు చెరిపి, ఆయన సంతకం ఉన్న ఫారం చూపిస్తూ పోయాను. ఏడో గీత దగ్గర నూకరత్నం ముందు వరుసలో లేచింది. జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. వేదిక దగ్గరికి నడిచి, సుధీంద్ర ఎదురుగా నిలబడి, నోరు తెరిచింది.

"ఇప్పుడైనా సూడండి డాక్టరుగారూ. బాగా సూడండి."

కెమెరాలన్నీ ఆ నోటి మీదికి తిరిగాయి. ఆయన చూడలేకపోయారు. మెల్లగా, చాలా మెల్లగా తల దించుకున్నారు. ఆ తల దించుకోవడాన్ని నేను నాలుగేళ్ళుగా ఊహించుకున్నాను. ఊహించుకున్నదానికన్నా బాగుంది. నిజం చెబుతున్నాను, ఆ సంతోషానికి ఈ రోజుకీ నేను సిగ్గుపడడం లేదు.

ఆయన లైసెన్సు పోయింది. ఆ మందు పరీక్షపై వేసిన విచారణ సంఘం ముందు ఎదురుపడ్డప్పుడు నాతో ఒక్క మాటే అన్నారు.

"పదకొండుమందీ బతికున్నారు. నాకు ప్రాణాలే కనబడ్డాయి, పళ్ళు కనబడలేదు."

"కనబడకపోవడం కాదు. చూపించబోతే మీరు తల తిప్పి చూడలేదు" అన్నాను.

అయితే టీవీలో వేసింది నా ఏడు గీతలు కాదు. నూకరత్నం నోరు. దాని కింద ఎర్ర అక్షరాలు: 'పళ్ళు రాల్చే కాన్సర్ మందు.' ఏ మందో, ఎంత మోతాదో ఎవరికి కావాలి? వారం రోజులు అదే తిరిగింది. అక్క ఫోన్ చేసింది.

"మా వీధిలో సుందరమ్మగారు మాత్రలు మానేసిందట. నీ ఉపన్యాసం చూసి. మానేయమన్నావా?"

"నేనలా అనలేదక్కా."

"మరి మానొద్దన్నావా?"

మర్నాడే పత్రికలకు వివరణ పంపాను. ఒక పత్రిక లోపలి పేజీలో వేసింది. తక్కినవి వెయ్యలేదు. మా వ్యాసం ఆరునెలల తరువాత ఒక విదేశీ పత్రికలో వచ్చింది. అందులో ఫరీదా రాసిన ఆ మాటలన్నీ ఉన్నాయి. నూకరత్నానికి చదువు రాదు.

సభ జరిగిన తొమ్మిది నెలలకు కాకినాడ నుంచి కబురు వచ్చింది. నడుం నొప్పితో గంప ఎత్తలేక మార్కెట్లోనే కూలబడిందట. స్కాను తీస్తే వెన్నెముకలో కనిపించింది. కాన్సర్ తిరగబెట్టింది.

ఆసుపత్రికి వెళ్ళాను. కిటికీ పక్కన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయి, నొప్పికి ఆగిపోయింది.

"మాత్రలు ఎప్పుడు ఆపారు?" అని అడిగాను.

"ఆ మీటింగునుంచి ఒచ్చిన మర్నాడే. పట్టీతో సహా సముద్రంలోకి ఇసిరేశాను. నేను సెప్తే మార్కెట్టులో అందరూ ఆపేశారు. నా నోరు సూపించే కదా సెప్పేను!"

బయట వరండాలో ఆమెను చూస్తున్న యువ డాక్టరమ్మను అడిగాను. "ఆపినందువల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేం మేడమ్. ఆపకుండా ఉంటే వచ్చే అవకాశం బాగా తక్కువ. అంతవరకే చెప్పగలను" అంది.

అంతటితో వెళ్ళిపోయి ఉండవచ్చు. ఆ స్లయిడ్ సంగతి ఫరీదాకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఫరీదా చెప్పదు. కానీ లోపలికి తిరిగి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, మొత్తం చెప్పేశాను. ఏం రాసుకున్నామో, ఎందుకు తీసేశానో, ఫరీదా ఏమందో.

నూకరత్నం పైకప్పు కేసి చూస్తూ అంది.

"అంటే ఆ మాత్ర మంచిదని నీకు తెలుసు."

"తెలుసు."

"అక్కడ నన్ను నిలబెట్టినప్పుడు కూడా తెలుసు."

"తెలుసు నూకరత్నంగారూ."

"ఆడు నా పళ్ళు పీకేడు. బతుకు పీకలేదు." ఆమె గొంతు పెరగలేదు. "ఆడి మీద పగ నువ్వు తీర్సేవు. మరి నీ మీద పగ నేనెలా తీర్సుకోవాలి? నాకు మిషను లేదు కదా."

నేను ఆమె కాళ్ళ దగ్గర మంచంపట్టె పట్టుకుని కూర్చున్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆమె గోడవైపు తల తిప్పుకుని, "ఇంక ఎళ్ళు" అంది.

రెండు నెలలు మా మధ్య మాటల్లేవు. కొత్త మందులతో నొప్పి కొంచెం తగ్గి ఇంటికి వచ్చిందని తెలిసింది. ఒక శుక్రవారం ఆమే ఫోన్ చేసింది. "కారు తీసుకుని రేపు పొద్దున్నే రా. ఎందుకని అడక్కు."

వెళ్ళాను. నడుముకు బెల్టు కట్టుకుని, మనవరాలి చేత రాయించిన కాగితం ఒకటి పట్టుకుని అరుగుమీద కూర్చుని ఉంది. మాత్రలు ఆపేసినవాళ్ళ పేర్లు. మార్కెట్లోవాళ్ళు, చెకప్ లైన్లో పరిచయమైనవాళ్ళు, వాళ్ళు చెబితే విని ఆపినవాళ్ళు. ముప్పై నలుగురు.

"నా పగ ఇదే. ప్రతి గుమ్మం ఎక్కాలి. ఎక్కి, నాకు సెప్పింది సెప్పాలి. ఒక్క ముక్క తగ్గించకూడదు. నేను పక్కనే ఉండి ఇంటాను."

మొదటి ఇల్లు జగన్నాథపురంలో. ఆ ఇంటామె పేరు కాసులమ్మ. వాకిట్లోనే నిలబెట్టి నూకరత్నం, "సెప్పు" అంది. చెప్పాను. 'ఒక మనిషి మీద పగతో, మీకు చెప్పాల్సిన మాట దాచాను. ఆ మాత్రలు ఆపకూడదు. ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.' కాసులమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు చదువుకున్నదానివేనా?" అంది. నూకరత్నం బొడ్డు సంచిలోంచి పంటి బ్రష్షూ, ఆసుపత్రిలో ఇచ్చిన కాగితమూ తీసి ఆమె చేతిలో పెట్టింది. "సోమవారం నాతో రా. ముందు పళ్ళు సూపిద్దాం. ఆ తరవాత మాత్ర మొదలెడుదువు గాని."

కొందరు తిట్టారు. ఒకామె, చేపలు కడిగిన నీళ్ళు నా కాళ్ళ మీద పోసింది. ఇంకొకామె ఏడ్చి, మేమూ ఏడ్చేదాకా వదల్లేదు. ఎక్కువమంది మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు. కొందరు నమ్మలేదు. మూడోసారి వెళ్ళినా తలుపు తియ్యని ఇళ్ళున్నాయి. నూకరత్నం ఆ పేర్ల పక్కన సున్నా చుట్టించి, మళ్ళీ తీసుకెళ్ళేది.

ఉప్పాడ దారిలో ఒక ఇంట్లో ఇరవై ఏళ్ళ అమ్మాయి తలుపు తీసింది. మేం అడిగిన పేరు విని, "అమ్మ పోయి నెలయిందండి" అంది. లోపల గోడకు దండ వేసిన ఫోటో కనిపిస్తోంది. నేను వెనక్కి తిరిగాను. నూకరత్నం నా మోచెయ్యి పట్టుకుంది. సరిగ్గా నడవలేని మనిషి పట్టు అంత గట్టిగా ఉంటుందని అనుకోలేదు.

"ఇక్కడా సెప్పు."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"లాభానికి కాదు. సెప్పు."

చెప్పాను. మొదటినుంచి చివరివరకు, ఒక్క ముక్క తగ్గించకుండా. ఆ అమ్మాయి విన్నది. తరువాత నెమ్మదిగా తలుపు మూసేసింది. గడియ పడిన చప్పుడు విన్నాక కూడా మేమిద్దరం ఆ గుమ్మంలో చాలాసేపు నిలబడే ఉన్నాం.

నేనే విచారణ సంఘానికి ఒక ఉత్తరం రాశాను. తీసేసిన స్లయిడ్‌ను దానికి జతచేశాను. మా సంస్థవాళ్ళు ప్రయోగశాల బాధ్యత నా నుంచి తీసి ఫరీదాకు ఇచ్చారు. ఆమె 'పొరచూపు'ను పన్ను తియ్యకుండానే, నోట్లో ఉండగానే చదివేలా మారుస్తోంది. హార్మోను మందు వాడేవాళ్ళ దవడ ఎముక కరగడం మొదలైన వారంలోనే పసిగట్టవచ్చునట. నేను ఇప్పుడు ఆమె కింద పనిచేస్తున్నాను. వారానికి మూడు రోజులు కాకినాడలో ఉంటాను.

అక్క కట్టుడుపళ్ళు పెట్టించుకుంది. ఎండిన నోట్లో అవి ఒరుసుకుని పుళ్ళు పడతాయి. గంటకు మించి ఉంచుకోలేదు. ఆ గంటలో ఇంటి దగ్గర పిల్లలకు వ్యాకరణం చెబుతుంది. నా మీద కోపం ఉందని నాకు తెలుసు. నేను అడగను, ఆమె చెప్పదు.

మొన్న కాసులమ్మను పళ్ళ డాక్టరు దగ్గర దించి వస్తుంటే, బెల్టు సర్దుకుంటూ ముందు సీట్లో కూర్చున్న నూకరత్నాన్ని ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటున్నది అడిగాను.

"ఇప్పటికైనా నన్ను క్షమించారా?"

ఆమె కిటికీలోంచి వంతెన కింద పడవల కేసి చూసింది.

"లేదు. రేపు యానాం ఎళ్ళాలి. అక్కడ ఇంకా నలుగురున్నారంట. ఏడింటికల్లా రా."

ఆరున్నరకే వెళ్ళి ఆమె అరుగు దగ్గర నిలబడ్డాను.